మజరా నుంచి వార్డు దాకా: కుప్పం పురపాలక సంఘం, విలీన పల్లెల చరిత్ర

వ్యాససంగ్రహం: చిత్తూరు జిల్లా పడమటి మండలాలలో జననివాసం మొదటినుంచీ చిన్నచిన్న పల్లెలుగా చెదిరి ఉంది. పాలనావ్యవస్థలు ఈ పల్లెలను ఎప్పటికప్పుడు ఏదో ఒక పేరు కింద కలుపుతూ వచ్చాయి. రెవెన్యూ గ్రామం, యూనియన్, పంచాయతీ, సమితి, మండలం అనే వరుసలో చివరిది కుప్పం పురపాలక సంఘం. పూర్వపు కలయికలన్నీ గ్రామీణ పరిధిలోనే జరిగాయి. పురపాలక విలీనం మాత్రం పల్లెను ఒక చట్టం నుంచి మరో చట్టంలోకి మార్చింది. ఈ మార్పులో పల్లెవాసులు పోగొట్టుకున్న హక్కులను, వేదికలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: కుప్పం, గంగవరం, మజరా గ్రామం, విలీనం, పురపాలక సంఘం, గ్రామసభ, ఊళ్ల పేర్లు.

ఉపోద్ఘాతం

‘కుప్పం’ అనే మాటకు తమిళంలో చిన్న పల్లె అని అర్థం. సముద్రతీరంలో ఆ మాట జాలరుల గుడిసెల సముదాయాన్ని సూచిస్తుంది. తీరానికి ఎంతో దూరాన, మైసూరు పీఠభూమి అంచున ఉన్న ఊరికి ఆ పేరు నిలవడం వెనుక ‘కొద్దిపాటి ఇండ్ల గుంపు’ అనే సామాన్యార్థమే ఉండాలి. పొరుగు మండలమైన రామకుప్పం పేరులోనూ ఇదే పదం కనిపిస్తుంది. తెలుగు, తమిళ, కన్నడ భాషలు మూడూ వాడుకలో ఉన్న ఈ సరిహద్దు ప్రాంతంలో ఊరి పేరు ఒక భాషది, ఊరివారి మాట మరొక భాషది కావడం వింతేమీ కాదు.

పల్లె అనే అర్థమున్న ఊరే కాలక్రమంలో పట్టణమై, తన చుట్టూ ఉన్న పల్లెలను తనలో కలుపుకుంది. కుప్పం మేజర్ గ్రామ పంచాయతీతోపాటు పరిసర గ్రామ పంచాయతీలను చేర్చి పురపాలక సంఘాన్ని ఏర్పాటు చేశారు. 25 వార్డులకు తొలి ఎన్నికలు 2021 నవంబరులో జరిగాయి. రాష్ట్ర రాజకీయాలలో ఈ నియోజకవర్గానికి ఉన్న స్థానం వల్ల పత్రికల దృష్టి అంతా గెలుపోటముల మీదనే నిలిచింది. వార్డులుగా మారిన పల్లెల సంగతి అంతగా చర్చకు రాలేదు. ఆ పల్లెల వైపు నుంచి ఈ విలీనాన్ని చూస్తే, అది ఒక దీర్ఘమైన పాలనాచరిత్రకు కొనసాగింపుగానూ, ఒక విషయంలో ఆ చరిత్రతో తెగతెంపులుగానూ కనిపిస్తుంది.

చెదిరిన పల్లెలు

మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, కుప్పం ప్రాంతాలు చిత్తూరు జిల్లా తూర్పు మైదానాలకన్నా ఎంతో ఎత్తున ఉన్నాయి. ఎర్రనేలలు, రాతిగుట్టలు, గుట్టల నడుమ చెరువులు, చెరువు కింద కొద్దిపాటి మాగాణి, దాని చుట్టూ మెట్టపొలాలు, ఆపైన అడవి ఇక్కడి నేల తీరు. జీవనదులు లేవు. ఒక చెరువు ఎన్ని కుటుంబాలను పోషించగలదో అన్ని కుటుంబాలే ఒకచోట నిలవగలవు. కుటుంబాలు పెరిగినప్పుడు కొందరు మరో వంక పక్కన బావి తవ్వుకుని కొత్త పల్లె కట్టుకుంటారు. గోదావరి, కృష్ణా డెల్టాలలో వలె వందలాది ఇండ్లు ఒకేచోట చేరిన పెద్ద ఊళ్లు ఇక్కడ తక్కువగా ఉండటానికి కారణం నీటి లెక్కే.

2011 జనగణన ప్రకారం అవిభక్త చిత్తూరు జిల్లా జనసాంద్రత చదరపు కిలోమీటరుకు 275. ఆనాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సగటు 308. తిరుపతి వంటి నగరం ఉన్న జిల్లాలో సగటే ఇంత తక్కువగా ఉందంటే పడమటి మెట్టప్రాంతపు పలుచదనాన్ని ఊహించవచ్చు.

ఊళ్ల పేర్లు ఈ చరిత్రకు మంచి సాక్ష్యాలు. కేతు విశ్వనాథరెడ్డి కడప జిల్లా ఊళ్ల పేర్లపై చేసిన పరిశోధన తెలుగులో ఈ మార్గానికి దారి వేసింది. మదనపల్లె, వాయల్పాడు తాలూకాలు 1911 దాకా కడప జిల్లాలోనివే కనుక ఆ పరిశోధనాదృష్టి ఈ ప్రాంతానికి చక్కగా అన్వయిస్తుంది. ‘సముద్రం’తో ముగిసే పేర్లు చెరువును చెబుతాయి. ‘వారిపల్లె’, ‘గారిపల్లె’, ‘వాండ్లపల్లె’ అని ముగిసే పేర్లు ఆ పల్లెను కట్టుకున్న ఇంటివారిని చెబుతాయి. ‘కొత్తూరు’, ‘కొత్తపల్లె’ అనే పేర్లు అంతకుముందే పాత ఊరు ఒకటి ఉందని తెలుపుతాయి. ఈ చివరి రకం పేర్లు ఇన్ని ఉండటమే ఊళ్లు చీలుతూ విస్తరించాయనడానికి నిదర్శనం. చీలిన పల్లెకు తన గంగమ్మ, తన రచ్చబండ, తన శ్మశానం ఏర్పడతాయి. ఊరు అనిపించుకోవడానికి పల్లెవాసి దృష్టిలో ఇవి చాలు. ప్రభుత్వం దృష్టిలో చాలవు.

పేరు ఒక ఊరిది, లెక్క అన్ని ఊళ్లది

రెవెన్యూ వ్యవస్థలో గ్రామమంటే ఇండ్ల గుంపు కాదు, ఎల్లలు గీసిన భూమి. ఆ ఎల్లలలో ఎన్ని పల్లెలున్నా ఒకదాని పేరే గ్రామానికి వస్తుంది. మిగిలినవి దాని మజరాలు. పన్ను లెక్క, సర్వే నంబరు, అడంగలు అన్నీ రెవెన్యూ గ్రామం పేరుమీదనే నడుస్తాయి. ఆ విధంగా చూస్తే ఈ ప్రాంతంలో మనం ‘గ్రామం’ అని వ్యవహరించేదే మొదటి విలీనం. కరణం దఫ్తరంలో చేరిన ఆ కలయికకు ఉత్సవమూ లేదు, నిరసనా లేదు. పుంగనూరు, కంగుంది వంటి జమీందారీలలో కూడా పల్లె గుర్తింపు శిస్తు కట్టే గ్రామం ద్వారానే ఉండేది. 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందారీలు పోయినా ఈ లెక్కపద్ధతి మారలేదు.

స్థానిక స్వపరిపాలన పేరుతో జరిగిన మొదటి కలయిక 1884 నాటి మద్రాసు స్థానిక బోర్డుల చట్టం కిందిది. రిప్పన్ ప్రభువు 1882లో చేసిన తీర్మానానికి ఇది మద్రాసు రాష్ట్రంలో వచ్చిన రూపం. ఒక ఊరినిగానీ కొన్ని ఊళ్లనుగానీ కలిపి ‘యూనియన్’గా ప్రకటించి, ఇంటిపన్ను వసూలు చేసి, వీధుల శుభ్రత, దీపాలు, బావులు చూసుకోవడం ఆ చట్టం ఉద్దేశం. ఊళ్లను కలిపితేనే సౌకర్యాలకు సరిపడే పన్ను వస్తుందన్న వాదం అప్పటినుంచే ఉంది. నేటి విలీన ఉత్తర్వుల వెనుక ఉన్న తర్కం కూడా ఇంచుమించు ఇదే.

1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడింది. పలమనేరు ప్రాంతం ఉత్తర ఆర్కాటు నుంచి, మదనపల్లె, వాయల్పాడు తాలూకాలు కడప నుంచి వచ్చి చేరాయి. అంటే ఈ జిల్లాయే ఒక విలీనం. ఆ తర్వాత 1950 నాటి మద్రాసు గ్రామ పంచాయతీల చట్టం, 1959లో పంచాయతీ సమితులు, 1964లో ఆంధ్రప్రదేశ్ గ్రామ పంచాయతీల చట్టం వరుసగా వచ్చాయి. ఒక్కొక్క దశలో పంచాయతీల ఎల్లలు కొంత మారాయి, పల్లెలు అటూ ఇటూ జరిగాయి.

ఈ వరుసలో 1984, 1985 సంవత్సరాలు ప్రత్యేకంగా నిలుస్తాయి. 1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కరణం, మునసబు వంటి పార్ట్‌టైమ్ గ్రామాధికారుల పదవులను రద్దు చేసింది. వంశపారంపర్యాధిపత్యాన్ని తొలగించిన ఆ చర్య న్యాయమైనదే. అయితే ఏ మజరా ఏ చెరువు కిందిదో, ఏ దారి ఎవరి పొలంలోంచి పోతుందో నోటిలెక్కగా తెలిసిన వ్యక్తి కూడా అంతటితో కనుమరుగయ్యాడు. మరుసటి ఏడాది తాలూకాలు, ఫిర్కాల స్థానంలో మండలాలు వచ్చాయి. రాష్ట్రమంతటా సుమారు 1,100 మండలాలు ఏర్పడ్డాయి. కార్యాలయం జనానికి నడిచి వెళ్లగలిగే దూరంలో ఉండాలన్నది దాని లక్ష్యం. చరిత్రలో ఇది విలీనానికి ఎదురుదిశలో నడిచిన సంస్కరణ. పెద్ద తాలూకాను చిన్న ముక్కలు చేసింది.

అయితే పల్లెల స్థాయిలో చూస్తే అక్కడా ఒక కలయిక జరిగింది. పలమనేరును ఆనుకుని ఏర్పడిన గంగవరం మండలం దీనికి ఉదాహరణ. పలమనేరు పట్టణం నీడలో ఉన్న ఒక గ్రామం పేరు, ఎన్నో గ్రామాలకూ వాటి మజరాలకూ ఉమ్మడి పేరు అయింది. మారుమూల పల్లెలోని మనిషి ఏ దరఖాస్తులోనైనా ‘గంగవరం మండలం’ అని రాయవలసి వచ్చింది. అయినా అతని పంచాయతీ అతనికి ఉంది, అతని సర్పంచి అతనికి ఉన్నాడు. మండలం పేరు పైన వచ్చి చేరిందేగాని కింద ఉన్నదాన్ని తీసివేయలేదు. పురపాలక విలీనానికీ దీనికీ ఉన్న భేదం ఇక్కడే ఉంది.

కుప్పం ఎదిగిన తీరు

మద్రాసు నుంచి బెంగళూరుకు జోలార్‌పేట మీదుగా 1864లో పూర్తయిన రైలుమార్గం కుప్పం గుండా పోతుంది. కంగుంది కొండకోట చుట్టూ ఉన్న పాత ప్రాధాన్యం తగ్గి, స్టేషను ఉన్న ఊరు సంతగా, వ్యాపారకేంద్రంగా ఎదగడానికి ఈ మార్గమే ప్రధాన కారణమని చెప్పవచ్చు. కోలారు బంగారు క్షేత్రాల శిలాశ్రేణి ఈ వైపుకూ సాగింది. చిగురుగుంట, బిసనత్తం గనులు ఆ శ్రేణిలోనివే. భారత్ గోల్డ్ మైన్స్ సంస్థ 2001లో మూతపడటంతో ఆ జీవనాధారం పోయింది. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం స్థాపన ఊరికి మరో గుర్తింపు తెచ్చింది. రోజూ రైలెక్కి బెంగళూరు వైపు పనులకు పోయి వచ్చే కూలీలు, పాడి, పట్టు, కూరగాయల సాగు మీద బతికే రైతులు ఈ పట్టణానికి అసలు ఆధారం. 2011 నాటికి కుప్పం జనాభా 20 వేల పైచిలుకు. పట్టణమనిపించుకునే కూడలి ఒకటి, దాని చుట్టూ పొలాలు, పొలాల నడుమ పల్లెలు అన్నట్లుగా దాని స్వరూపం ఉండేది.

రాజ్యాంగం గీసిన గీత

1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకు, 74వ సవరణ పురపాలక సంస్థలకు రాజ్యాంగబద్ధత కల్పించాయి. ఈ రెండింటినీ స్థానిక స్వపరిపాలనకు రెండు కళ్లుగా చెప్పడం పరిపాటి. కాని ఆ రెండు సవరణల మధ్య ఒక గీత ఉంది. ఒక ప్రాంతం తొమ్మిదో భాగం కిందకు రావాలి, లేదా తొమ్మిది–ఎ భాగం కిందకు రావాలి. రెండింటిలోనూ ఉండే వీలు లేదు. గ్రామం నుంచి పట్టణంగా మారుతున్న ప్రాంతాలకోసం 243–క్యూ అధికరణం నగర పంచాయతీ అనే మధ్యస్థ రూపాన్ని సూచించింది. పేరులో పంచాయతీ ఉన్నా చట్టం దృష్టిలో అదీ పట్టణ సంస్థే.

ఒక ప్రాంతాన్ని పట్టణంగా ప్రకటించేటప్పుడు జనాభా, జనసాంద్రత, స్థానిక ఆదాయం, వ్యవసాయేతర ఉపాధి శాతం, ఆర్థిక ప్రాముఖ్యం పరిగణించాలని అదే అధికరణం చెబుతుంది. జనగణన శాఖ కొలమానం ఇంకా స్పష్టమైనది: కనీసం 5,000 జనాభా, చదరపు కిలోమీటరుకు 400 సాంద్రత, ప్రధాన పనివారైన పురుషులలో 75 శాతం వ్యవసాయేతర వృత్తులలో ఉండటం. ఈ కొలమానం పురపాలక సంఘాల ఏర్పాటును శాసించదు. పట్టణ సంస్థగా రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించిన ప్రతి స్థలాన్నీ జనగణన పట్టణంగానే లెక్కిస్తుంది. కనుక కూడలిలోని జనసమ్మర్దంతో పొలాల మధ్యనున్న పల్లెను కలిపి సగటు తీసినప్పుడు పల్లె కూడా కాగితం మీద పట్టణమవుతుంది. జీవనం మాత్రం ఆవు, మడి, బోరుబావి చుట్టూనే తిరుగుతుంటుంది.

ఈ గీత దాటినందువల్ల మొదట దెబ్బతిన్నది భూమిలేని కూలీ. 2005 నాటి జాతీయ గ్రామీణ ఉపాధి హామీ చట్టం ఏడాదికి 100 రోజుల పనిని హక్కుగా ఇచ్చింది. ఏదైనా పట్టణ స్థానిక సంస్థ పరిధిలోగానీ కంటోన్మెంటు పరిధిలోగానీ లేని ప్రాంతమే గ్రామీణ ప్రాంతమని ఆ చట్టం నిర్వచనం. ఆ నిర్వచనంలో కూలీ ఏ పని చేస్తున్నాడన్న ప్రశ్న లేదు, ఎక్కడ ఉన్నాడన్నదే ప్రశ్న. అంటే నిన్నటిదాకా చెరువు పూడిక తీసిన మనిషికి, ఆ చెరువు అక్కడే ఉండగా, ఆ పని అడిగే హక్కు పోతుంది. కరవు ప్రాంతంలో ఇది చిన్న నష్టం కాదు. పట్టణీకరణ ప్రయోజనాలను లెక్కించే నివేదికలలో ఈ పద్దు కనిపించకపోవడం ఆశ్చర్యకరం.

రెండవది వేదిక. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం గ్రామసభను ఏడాదికి కనీసం రెండుసార్లు జరపాలని నిర్దేశించింది. ఓటరు జాబితాలో ఉన్న ప్రతి వ్యక్తీ దానిలో సభ్యుడే. గ్రామసభలు తరచూ మొక్కుబడిగా సాగుతాయన్న విమర్శ వాస్తవమే. అయినా లెక్కలు అడిగే చోటు ఒకటి ఉందన్నది వేరే విషయం. పట్టణాలలో దీనికి దగ్గరగా వచ్చేవి వార్డు కమిటీలు. 243–ఎస్ అధికరణం ప్రకారం 3 లక్షలు లేదా అంతకు మించిన జనాభా ఉన్న సంస్థలలోనే అవి తప్పనిసరి. కుప్పం వంటి చిన్న పట్టణానికి రాజ్యాంగం ఆ బాధ్యత పెట్టలేదు. ఆ విధంగా విలీన పల్లె గ్రామసభను పోగొట్టుకుని, దాని స్థానంలో రాజ్యాంగబద్ధమైన వేదిక ఏదీ పొందలేదు.

మూడవది ప్రాతినిధ్యం. 1994 చట్టం ప్రకారం గ్రామ పంచాయతీకి 5 నుంచి 21 మంది దాకా సభ్యులుంటారు. వారిపైన సర్పంచి ఉంటాడు. కొన్ని పంచాయతీలు రద్దయినప్పుడు అన్ని సర్పంచి పదవులు, వాటితోపాటు పదుల సంఖ్యలో వార్డు సభ్యత్వాలు రద్దవుతాయి. రాజ్యాంగం కల్పించిన రిజర్వేషన్ల వల్ల వీటిలో గణనీయమైన భాగం దళిత, గిరిజన, మహిళా ప్రతినిధులకు దక్కేది. వాటన్నింటికీ బదులుగా మొత్తం పట్టణానికి 25 కౌన్సిలరు స్థానాలు మిగిలాయి. కౌన్సిలులోనూ రిజర్వేషన్లున్నాయి, కాని మొత్తం స్థానాలు తగ్గినప్పుడు ఆ వర్గాలకు చేరే సంఖ్యా తగ్గుతుంది. ఒక పల్లెలోని ఒంటరి స్త్రీ వార్డు సభ్యురాలిగా పొందగలిగిన చిన్న అధికారానికి పట్టణ వార్డు ఎన్నికల ఖర్చు అందుబాటులో ఉండదు.

మరోవైపు లాభాలనూ నిష్పాక్షికంగా చెప్పాలి. చిన్న పంచాయతీ ఆదాయంతో భూగర్భ మురుగుకాలువ గానీ, శుద్ధిచేసిన తాగునీటి పథకం గానీ సాధ్యం కాదు. పట్టణ పథకాల నిధులకు పురపాలక హోదా అవసరం. భూముల విలువ పెరగడం కొందరు రైతులకు సంతోషమే. అదే సమయంలో ఖాళీ స్థలంపై పన్ను, కట్టడానికి అనుమతి రుసుము, పెరిగే ఇంటిపన్ను కూడా వస్తాయి. పశువుల కొట్టం వేసుకోవడానికి అనుమతి అడగవలసిన స్థితి రైతుకు కొత్త. వసతులు కూడలి నుంచి అంచుకు చేరడానికి సంవత్సరాలు పడుతుంది. పన్ను తాఖీదు అంతకుముందే చేరుతుంది.

ఉత్తర దేశాల విలీనాలు

పల్చని జనావాసాలను కలిపి పురపాలక సంస్థలుగా చేయడం చలి అధికంగా ఉండే ఉత్తర దేశాలలోనూ జరిగింది. అక్కడి అనుభవాన్ని చూస్తే కుప్పం సమస్య భౌగోళికమైనదా, చట్టపరమైనదా అన్నది తేలుతుంది. స్వీడన్‌లో 1862 నాటి వ్యవస్థలో దాదాపు 2,500 స్థానిక సంస్థలుండేవి. 1952లో వాటిని 1,037కు, 1974 నాటికి 278కి కుదించారు. నేడు అవి 290. ఆ పెరిగిన డజను వెనుక, బలవంతంగా కలిసినవి కొన్ని తిరిగి విడిపోయిన చరిత్ర ఉంది. విలీనాన్ని వెనక్కి తిప్పుకునే దారి అక్కడ మూసివేయలేదు.

కెనడాలోని ఆల్బర్టా రాష్ట్రపు ఉదాహరణ మన చర్చకు మరింత దగ్గరిది. 1995 ఏప్రిల్ 1న ఫోర్ట్ మెక్‌ముర్రే నగరాన్నీ దాని చుట్టూ ఉన్న విశాలమైన గ్రామీణ ప్రాంతాన్నీ కలిపి వుడ్ బఫెలో ప్రాంతీయ పురపాలక సంస్థను ఏర్పాటు చేశారు. విస్తీర్ణం 60 వేల చదరపు కిలోమీటర్లకు పైమాటే. అంటే అవిభక్త చిత్తూరు జిల్లాకు నాలుగింతలు. ఫోర్ట్ చిపెవాన్, కాంక్లిన్ వంటి మారుమూల పల్లెలు దానిలో చేరాయి. ఫోర్ట్ చిపెవాన్‌కు చలికాలంలో గడ్డకట్టిన నేలమీద వేసే దారి, మిగతా కాలంలో విమానం తప్ప రోడ్డు లేదు. ఇంతటి అసమాన ప్రాంతాన్ని ఒకే సంస్థ కిందకు తెచ్చేటప్పుడు అక్కడి చట్టం ఒక జాగ్రత్త తీసుకుంది. ‘ప్రత్యేక పురపాలక సంస్థ’ అనే తరగతిలో పట్టణ సేవాప్రాంతం, గ్రామీణ సేవాప్రాంతం అనే విభజనను సంస్థ లోపలే నిలిపి ఉంచింది. నగరమే తన నగర హోదాను వదులుకుని పట్టణ సేవాప్రాంతమైంది. పల్లె గ్రామీణంగానే మిగిలింది. అక్కడా అసంతృప్తులు లేకపోలేదు, ముఖ్యంగా ఆదివాసీ సముదాయాలలో. అయినా కలిసిన మరుక్షణం పల్లె తన గ్రామీణ స్వభావాన్ని చట్టం ముందు నిరాకరించుకోవలసిన పని లేదు.

మన దేశంలో ఆ మధ్యేమార్గానికి చట్టంలో చోటు లేదు. కుప్పం పల్లెల నష్టానికి విలీనం ఒక్కటే కారణమనడం తొందరపాటు. విలీనమైన పల్లెను పట్టణంగా తప్ప మరోలా చూడలేని చట్టభాష అంతకన్నా పెద్ద కారణం.

రెండు పటాలు

పొరుగున ఉన్న తెలంగాణలో 2018 పంచాయతీరాజ్ చట్టం దీనికి భిన్నమైన దారి పట్టింది. అక్కడ 4,383 కొత్త గ్రామ పంచాయతీలు ఏర్పడి మొత్తం 12,751కి చేరాయి. అంతకుముందు పెద్ద ఊరి పంచాయతీలో మజరాలుగా ఉన్న తండాలు, గూడేలు సొంత పంచాయతీలు పొందాయి. ‘మా తండాలో మా రాజ్యం’ అన్న చిరకాల ఆకాంక్ష దాని వెనుక ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 2 నుంచి వచ్చిన సచివాలయ వ్యవస్థ గ్రామాలలో సుమారు 2,000 మందికి ఒకటి, పట్టణాలలో సుమారు 4,000 మందికి ఒకటి చొప్పున రూపొందింది. విలీన పల్లెకు ఈ అంకెల భేదం కూడా వర్తిస్తుంది. సచివాలయం ముందు నిలబడే వరుస రెట్టింపు అవుతుంది.

విలీనం తర్వాత ఒక పల్లె రెండు పటాలలో రెండు విధాలుగా బతుకుతుంది. రెవెన్యూ పటంలో దాని గ్రామం పేరు, సర్వే నంబర్లు చెక్కుచెదరవు. పొలం అమ్మినా కొన్నా, పాసుపుస్తకం తీసినా ఆ పాత పేరే రాయాలి. పురపాలక పటంలో అది ఒక వార్డు సంఖ్య, లేదా ఒక వార్డులో సగం. జనాభా సమంగా ఉండాలన్న నియమంతో వార్డు గీత గీసినప్పుడు ఒకే పల్లెలోని ఎగువ వీధి ఒక వార్డుకు, దిగువ వీధి మరో వార్డుకు పోవచ్చు. ఓటరు జాబితాలో, ఇంటి నంబరు పలకమీద, పన్ను రశీదులో పల్లె పేరు క్రమంగా తగ్గి అంకె పెరుగుతుంది.

ఊళ్ల పేర్లపై పనిచేసే పరిశోధకులకు దీనివల్ల ఒక తక్షణ కర్తవ్యం ఏర్పడింది. మజరాల పేర్లు రెవెన్యూ గ్రామాల జాబితాలలో ఎన్నడూ పూర్తిగా నమోదు కాలేదు. పంచాయతీ తీర్మానాల పుస్తకాలలో, ఇంటిపన్ను రిజిస్టర్లలో, పాఠశాల ప్రవేశ పట్టికలలో మాత్రం అవి ఉన్నాయి. ఈ వీధికి కుళాయి, ఆ పల్లెకు దీపం, ఫలానా వారిపల్లె దారికి మట్టి అంటూ సాగే ఆ తీర్మానాలలో పల్లెల స్వీయచరిత్ర ఉంది. పంచాయతీ రద్దయ్యాక ఆ పుస్తకాలు పురపాలక కార్యాలయం బీరువాలలోకి చేరుతాయి. రోజువారీ పాలనకు వాటి అవసరం తీరిపోయింది కనుక వాటిని భద్రపరచే బాధ్యత ఎవరిమీదా ప్రత్యేకంగా లేదు. కుప్పంలోనే ఒక విశ్వవిద్యాలయం ఉంది. మూడు భాషల ఊళ్ల పేర్లు ఒకేచోట దొరికే ఆ రిజిస్టర్లను నకలు తీసి ఉంచడం దాని భాషాశాఖలు ఒక విద్యాసంవత్సరంలో చేయదగిన పని.